గేమింగ్ ల్యాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్ చాలడం లేదు: ఇంకో 8 వేయాలా, 16 వేయాలా?

కావలి కుర్రోడు:
అన్నలూ, అక్కలూ, ఒక సలహా కావాలి. నాది రైజెన్ 5 5600హెచ్, జీటీఎక్స్ 1650 4 జీబీ గ్రాఫిక్స్, 512 జీబీ ఎస్ఎస్‌డీ, 8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్. వాలరెంట్ పర్వాలేదు. జీటీఏ 5లో కారు స్పీడుగా పోతుంటే బొమ్మ ఆగి ఆగి వస్తోంది. వెనకాల క్రోమ్, డిస్కార్డ్ తెరిచే ఉంటాయి. ఒక షాపులో ఇంకో 8 వేస్తే చాలన్నారు, ఇంకో షాపులో పాతది పీకేసి 16వి రెండు వేయాల్సిందే అన్నారు. ర్యామ్ రేట్లు చూస్తే 2025 చివరి నుంచి మండిపోతున్నాయి. ఒకసారే కొని గమ్మున ఉండాలని చూస్తున్నా. ఏది కొనమంటారు?

పెన్నాతీరం:
కొనే ముందు పది నిమిషాల పని ఉంది తమ్ముడూ. బొమ్మ ఆగడానికి ర్యామ్ ఒక్కటే కారణం కాదు. గేమ్ ఆడుతూ, సరిగ్గా ఆగిన వెంటనే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కు. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, అందులో మెమరీ. ‘అవైలబుల్’ దగ్గర అర జీబీ కూడా మిగలకుండా, ‘కమిటెడ్’ దగ్గర మొదటి అంకె నీ ర్యామ్ కంటే బాగా ఎక్కువ ఉంటే, విండోస్ మిగతాది ఎస్ఎస్‌డీ మీదికి తోస్తోందని అర్థం. ఆ తోసింది వెనక్కి తెచ్చుకునేప్పుడే బొమ్మ ఆగేది. కారు స్పీడుగా పోతే కొత్త వీధులు గబగబా లోడ్ కావాలి కాబట్టి అక్కడ ముందు బయటపడుతుంది.

అదే పేజీలో కింద ‘స్లాట్స్ యూజ్డ్’, ‘స్పీడ్’, ‘ఫార్మ్ ఫ్యాక్టర్’ రాసుకో. ఫార్మ్ ఫ్యాక్టర్ దగ్గర ‘ఎస్ఓడిమ్’ అని ఉంటే ఊడదీయొచ్చు. ‘రో ఆఫ్ చిప్స్’ అని ఉంటే బోర్డుకే అతికించినది. ఎల్‌పీడీడీఆర్ (కరెంటు తక్కువ తాగే ర్యామ్) రకం దాదాపు అన్నీ ఇలాగే వస్తాయి.

తర్వాత జీపీయూ పేజీలో ‘డెడికేటెడ్ మెమరీ’ చూడు. 4 జీబీకి 3.9 నిండిపోయి ఉంటే తప్పు గ్రాఫిక్స్ మెమరీది. దానికి టెక్స్చర్ సెట్టింగ్ ఒక మెట్టు తగ్గించాలి, ర్యామ్ ఎంత పెంచినా అది తీరదు. ఇక మన రోహిణి కార్తె ఎండలు తెలిసినవే కదా. మొదటి ఇరవై నిమిషాలు బాగా ఆడి, ఆ తర్వాత ఎఫ్‌పీఎస్ (సెకనుకు వచ్చే ఫ్రేముల లెక్క) మొత్తంగా పడిపోయి అక్కడే ఉంటే అది వేడి. ఫ్యాన్ల దుమ్ము తీయించి, ప్రాసెసర్ మీది థర్మల్ పేస్ట్ మార్పించాలి. ర్యామ్ చాలకపోతే అలా ఉండదు, ఉన్నట్టుండి ఒక కుదుపు, మళ్ళీ మామూలు.

కావలి కుర్రోడు:
చూశానన్నా. అవైలబుల్ 380 ఎంబీ. కమిటెడ్ 12.6 / 16.1. స్పీడ్ 3200, స్లాట్లు 2కి 1, ఎస్ఓడిమ్. గ్రాఫిక్స్ మెమరీ 2.6 / 4. కానీ ఒక అనుమానం. 8 జీబీ అని అమ్మి ‘7.4 యూజబుల్’ అని చూపిస్తోంది. మోసమా?

ఒంగోలు అక్క:
మోసం కాదు తమ్ముడూ. 5600హెచ్‌లోనే రేడియాన్ వేగా గ్రాఫిక్స్ ఒకటి ఉంది. దానికి సొంత మెమరీ లేదు, నీ ర్యామ్‌లోంచే అర జీబీ ముందే పక్కన పెట్టుకుంటుంది. ‘హార్డ్‌వేర్ రిజర్వుడ్’ అని కనిపించేది అదే.

నీ అంకెలు చూస్తే రెండు లోటులు ఉన్నాయి. ఒకటి సైజు, అది తెలుస్తూనే ఉంది. రెండోది షాపువాళ్ళు చెప్పనిది: నీకు ఒకే స్టిక్ (ర్యామ్ పలక) ఉంది కాబట్టి ప్రాసెసర్ సింగిల్ ఛానల్‌లో నడుస్తోంది. చెరువుకి రెండు తూములు ఉండి ఒకటే ఎత్తినట్టు. నీ ర్యామ్ రకం డీడీఆర్4. ఆ 3200 స్టిక్ ఒకటి సెకనుకు 25.6 జీబీ ఇవ్వగలదు, రెండు స్టిక్‌లు కలిస్తే 51.2. పైగా చాలా ల్యాప్‌టాప్‌లలో జీటీఎక్స్ గీసిన ప్రతి ఫ్రేమూ లోపలి గ్రాఫిక్స్ గుండానే తెరకు పోతుంది, ఆ రాకపోకలకు కూడా ఈ తూమే గతి. ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో ఐరిస్ ఎక్స్ఈ గ్రాఫిక్స్ ఒక్క స్టిక్‌తో ఉంటే పేరు కూడా ‘యూహెచ్‌డీ’ అని మారిపోయి కనిపిస్తుంది. అందుకని 8 తీసేసి 16 ఒక్కటే వేయడం మాత్రం వద్దు. సైజు పెరుగుతుంది, తూము ఒకటే మిగులుతుంది.

కొనే ముందు పాత స్టిక్ లేబుల్ మీద ‘1ఆర్ఎక్స్8’ అని ఉందో ‘1ఆర్ఎక్స్16’ అని ఉందో చూడు. లేబుల్ చెదిరిపోతే చిప్‌లు లెక్కపెట్టు: 8 జీబీ స్టిక్ మీద నాలుగు పెద్ద చిప్‌లే ఉంటే ఎక్స్16, ఎనిమిది ఉంటే ఎక్స్8. వెనక వైపు కూడా తిప్పి చూడాలి. డీడీఆర్4లో ఎక్స్16 చిప్‌కి లోపల బ్యాంక్ గ్రూపులు (వంతులవారీగా డేటా అందించే అరలు) రెండే, ఎక్స్8కి నాలుగు. అదే 3200 అయినా గేమ్‌లలో ఎక్స్16 వెనకబడుతుంది. కంపెనీలు ఖర్చు తగ్గించుకోవడానికి ల్యాప్‌టాప్‌తో ఇచ్చేది తరచూ ఈ నాలుగు చిప్‌లదే.

కావలి కుర్రోడు:
అక్కా, మూత తీసి చూశా. నాలుగే ఉన్నాయి, 1ఆర్ఎక్స్16. ఇప్పుడు దీన్ని పారేయాలా?

ఒంగోలు అక్క:
ఈ రేట్లలో పారేయొద్దు. 8 జీబీ, 3200, 1ఆర్ఎక్స్8 ఒకటి పక్కన వెయ్యి. రెండు రకాలూ కలిసి పనిచేస్తాయి. నీ కమిటెడ్ 12.6, మొత్తం 16 అవుతుంది, ఇంకా చోటు మిగులుతుంది.

పెన్నాతీరం:
అక్క మాట ఈ రోజుకి సరే. నేను మాత్రం 16 స్టిక్ వైపే మొగ్గుతాను. 8, 16 కలిస్తే 24. అందులో 8కి 8 జత కట్టి రెండు తూముల్లో నడుస్తుంది, పైన మిగిలిన 8 ఒక తూములో. కొత్త ఓపెన్ వరల్డ్ గేమ్‌లు చాలావాటికి సిఫారసే 16 జీబీ. దాని మీద క్రోమ్ కూడా తెరిచి ఉంచే అలవాటుంటే 16 అంచుకు వస్తుంది.

ఒంగోలు అక్క:
వీడియో ఎడిటింగ్ ఉంటే ఒప్పుకుంటాను. జీటీఏ, వాలరెంట్‌కి 24 అక్కర్లేదు. 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు మీద కొత్త పెద్ద గేమ్‌లు ముందు ఆ 4 జీబీ దగ్గరే ఇరుక్కుంటాయి. మిగిలిన డబ్బు పేస్ట్‌కీ, కూలింగ్‌కీ పెట్టమంటాను.

షాపులో అడిగేప్పుడు మాటలు ఇవి: ల్యాప్‌టాప్ డీడీఆర్4, 260 పిన్నులు, 1.2 వోల్టులు, 3200, సీఎల్22 (డేటా అందడానికి పట్టే ఆలస్యం లెక్క). 288 పిన్నులది డెస్క్‌టాప్‌ది, పొడుగ్గా ఉంటుంది, పట్టదు. 1.35 వోల్టుల ఎక్స్ఎంపీ (మామూలు కంటే ఎక్కువ స్పీడుకి పెట్టే సెట్టింగ్) స్టిక్‌లకు ఎక్కువ పెట్టొద్దు. చాలా ల్యాప్‌టాప్‌ల బయోస్‌లో (ఆన్ కాగానే విండోస్ కంటే ముందు నడిచే ప్రోగ్రాం) ఎక్స్ఎంపీ ఉండదు, మామూలు స్పీడుకే దిగిపోతుంది. 2666 స్టిక్ చవగ్గా ఇస్తామన్నా తీసుకోకు, దాంతో పాటు నీ పాతది కూడా 2666కే దిగుతుంది.

నెల్లూరు ట్రంకు రోడ్డులో కొన్నా, చెన్నై రిచ్చి స్ట్రీట్ దాకా పోయినా బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకో. లేబుల్ మార్చి అమ్మేవి ఉంటాయి. ఇంటికొచ్చాక సీపీయూ-జెడ్ అనే ప్రోగ్రాంలో ఎస్‌పీడీ పేజీ (స్టిక్ తనలో దాచుకున్న వివరాలు) తెరిచి పార్ట్ నంబరు, తయారైన వారం, సంవత్సరం లేబుల్‌తో సరిపోల్చు. కలవకపోతే ఆ రోజే తిరిగి ఇచ్చెయ్.

పెన్నాతీరం:
బిగించే పద్ధతి చెప్తాను, తొందరపడకుండా చెయ్యి. షిఫ్ట్ పట్టుకుని షట్‌డౌన్ నొక్కు, అప్పుడే పూర్తిగా ఆగుతుంది. ఛార్జర్ తీసెయ్. కింది మూత స్క్రూలు అన్నీ ఒకే పొడవు ఉండవు. తెల్ల కాగితం మీద ల్యాప్‌టాప్ బొమ్మ గీసి, ఏ మూల స్క్రూ ఆ మూలనే పెట్టుకో. పొడుగుది పొట్టిదాని చోట బిగిస్తే పైన కీబోర్డు వైపు పొడుచుకొస్తుంది. కొన్ని మోడళ్లలో మూల స్క్రూ ఒకటి ఎంత తిప్పినా ఊడిరాదు, మూతను కాస్త పైకి లేపడమే దాని పని. లాగొద్దు. మూత లేపడానికి పాత ప్లాస్టిక్ కార్డు వాడు, స్క్రూడ్రైవర్ దూర్చొద్దు, లోపలి క్లిప్పులు విరుగుతాయి.

మూత తీయగానే మొదటి పని బ్యాటరీ కనెక్టర్ తీయడం. వైర్లు పట్టి లాగకుండా, ప్లగ్ రెండు చెవులనూ గోళ్ళతో కొంచెం కొంచెం జరుపు. తర్వాత పవర్ బటన్ పదిహేను సెకన్లు నొక్కి పట్టు. ర్యామ్ స్లాట్ల మీద నల్ల రేకో, పొరో ఉంటే మెల్లగా ఎత్తు. స్టిక్‌ను అంచులతో పట్టుకో, బంగారు పళ్ళ మీద వేలు పడనీయకు. పళ్ళ మధ్యలోని గాటును స్లాట్‌లోని మెట్టుతో కలిపి, సుమారు 30 డిగ్రీల ఏటవాలుగా లోపలికి తోయి. పళ్ళు దాదాపు కనిపించకుండా పోవాలి, సన్నని గీత మిగిలితే చాలు. అప్పుడే కిందికి నొక్కు, రెండు పక్కల క్లిప్పులూ టక్కున పడతాయి. ఒక వైపే పడితే తీసి మళ్ళీ పెట్టు. తెర రాకపోవడానికి ఎక్కువసార్లు కారణం ఇదే, స్టిక్ చెడిపోయి కాదు.

బ్యాటరీ కనెక్టర్ మళ్ళీ పెట్టి, మూత బిగించు. మొదటిసారి ఆన్ చేయగానే తెర నల్లగా ఉంటుంది. బోర్డు కొత్త ర్యామ్‌తో లెక్కలు చూసుకుంటోంది. డీడీఆర్4కి నిమిషం లోపే అయిపోవచ్చు, దాని తర్వాతి తరం డీడీఆర్5కి కొన్ని నిమిషాలు పడుతుంది. మధ్యలో ఆపొద్దు. ఐదు నిమిషాలకీ రాకపోతే ఆపి, ఒక్కో స్టిక్‌తో, ఒక్కో స్లాట్‌లో విడివిడిగా చూడు. ఏది చెడ్డదో అక్కడే తేలిపోతుంది.

కొత్తపట్నం:
సముద్రం పక్కనే ఇల్లు. ర్యామ్ పళ్ళు నల్లబడ్డాయి. పెన్సిల్ రబ్బరుతో రుద్దమంటున్నారు?

పెన్నాతీరం:
రబ్బరు వద్దు, పై పూత పలచబడుతుంది, పొడి స్లాట్‌లో పడి ఇంకో తంటా. మెత్తని గుడ్డకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొంచెం అద్ది ఒకే వైపు తుడవండి, బాగా ఆరాక పెట్టండి. ఉప్పుగాలికి పచ్చగా తినేసి ఉంటే మాత్రం తుడిచినా నిలవదు, మార్చాల్సిందే.

ఉలవపాడు:
నాది ఐ5 12450హెచ్, డీడీఆర్5 4800, 8 జీబీ ఒకటి. ఇదే లెక్కా?

ఒంగోలు అక్క:
కాదండీ. డీడీఆర్5లో 8 జీబీ స్టిక్ అంటే మామూలుగా ఎక్స్16 చిప్‌లదే, మంచిదనుకుని ఏరుకోవడానికి ఏమీ లేదు. 16 జీబీ స్టిక్ 1ఆర్ఎక్స్8 వస్తుంది. వీలైతే 16వి రెండు, కాకుంటే ఇప్పటికి ఇంకో 8. 5600 స్టిక్ దొరికినా వేయొచ్చు, మీ దాంట్లో 4800కే నడుస్తుంది. డీడీఆర్4 మాత్రం తేవొద్దు, మీ డీడీఆర్5కి గాటు వేరే చోట ఉంటుంది, పిన్నులు 262.

కావలి కుర్రోడు:
8 జీబీ 1ఆర్ఎక్స్8 వేశానక్కా. 15.4 యూజబుల్, స్లాట్లు 2కి 2. కానీ సీపీయూ-జెడ్‌లో ‘డీర్యామ్ ఫ్రీక్వెన్సీ’ 1600 దగ్గర చూపిస్తోంది. సగమే నడుస్తోందా?

ఒంగోలు అక్క:
లేదు, సరిగ్గానే ఉంది. డీడీఆర్ అంటే ప్రతి గడియారపు కొట్టుడికీ రెండుసార్లు డేటా పోతుంది. 1600ని రెండుతో గుణించు, అదే నీ 3200. అదే పేజీలో ఛానల్ దగ్గర ‘డ్యూయల్’ అనో ‘2 x 64 బిట్’ అనో ఉందా చూడు. ఉంటే ఈ రాత్రి మెమ్‌టెస్ట్86ని (ర్యామ్‌లో తప్పులు పట్టే ప్రోగ్రాం) పెన్‌డ్రైవ్‌లో వేసి, దాంతోనే ల్యాప్‌టాప్ ఆన్ చేసి నాలుగు పాస్‌లు (పూర్తి రౌండ్లు) నడవనివ్వు, కరెంటు పోయినా ఆగకుండా బ్యాటరీ నింపి పెట్టు. ఒక్క ఎర్రర్ వచ్చినా బిల్లు పట్టుకుని షాపుకి పో.