సమస్యాపూరణం: "పగను బెంచువాడె పరమసఖుడు" (ఐస్ హాకీ వైరాలు)

నిర్వాహకుడు: ఈసారి సమస్య ఆటవెలది నాలుగో పాదం. విషయం ఎన్‌హెచ్ఎల్ (ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్) జట్ల పాత వైరాలు. పగ పెంచేవాడు మిత్రుడెలా అవుతాడో పద్యంలోనే తేలాలి. కొట్లాట వర్ణించి చివర సమస్య అతికిస్తే ఒప్పుకోను.

టొరంటో తాతయ్య:

నెత్తురోడు మోము నీలికన్నులవాని
చేయి పట్టె నాట చివర వేళ
గెలుపు విలువ జూపు గీటురాయి యతడు
పగను బెంచువాడె పరమసఖుడు

సందర్భం: 1952 ఏప్రిల్ 8, మాంట్రియాల్ కెనేడియన్స్, బోస్టన్ బ్రూయిన్స్ సెమీఫైనల్ ఏడో మ్యాచ్. మాంట్రియాల్ ఆటగాడు మోరిస్ రిషార్ దెబ్బ తిని స్పృహ తప్పాడు. కుట్లు వేయించుకుని మళ్ళీ వచ్చి గెలుపు గోల్ కొట్టాడు. ఆట అయ్యాక బోస్టన్ గోలీ (గోల్ కాచేవాడు) జిమ్ హెన్రీతో చేయి కలిపిన ఫోటో చూడనివాళ్ళు చూడండి.

బోస్టన్ బావ: నడక హాయిగా ఉంది తాతయ్యగారూ. కానీ మోము చేయి పట్టడమేమిటి? పైగా 'నీలికన్నులవాడు' అంటే ఎవరో అందగాడనుకుంటారు. హెన్రీవి దెబ్బలకు కమిలిపోయిన కళ్ళు. ఇక సఖుడంటారా, 1946 నుంచి 1987 దాకా ప్లేఆఫ్స్‌లో (సీజన్ చివరి నాకౌట్ పోటీల్లో) మాంట్రియాల్ చేతిలో వరసగా 18 సిరీస్‌లు ఓడాం. 1979లో ఏడో మ్యాచ్ చివర్లో 4-3తో ముందుండి, మంచు మీద ఒక ఆటగాడు ఎక్కువయ్యాడని పెనాల్టీ తెచ్చుకున్నాం. మాంట్రియాల్ ఆటగాడు గీ లఫ్లూర్ స్కోరు సమం చేశాడు, ఓవర్‌టైమ్‌లో కొంప మునిగింది. వాళ్ళను సఖులనడానికి 1988లో గెలిచేదాకా నోరు రాలేదు.

నిర్వాహకుడు: మోము సంగతి లక్షణగా సర్దుకుందాం. 'నెగులు కన్నులవాని' అంటే బాధా తెలుస్తుంది, యతీ చెడదు.

ఛందోబాలుడు:

మార్చి రాత్రి మంచు మైదాన మెరుపెక్కె
గోలు కాచువారు కుమ్ముకొనిరి
కక్ష తీరినాక కప్పు వచ్చె నింటికి
పగను బెంచువాడె పరమసఖుడు

1997 మార్చి 26, డెట్రాయిట్‌లో కొలరాడోతో మ్యాచ్. ముందు ఏడాది కొలరాడో ఆటగాడు క్లోడ్ లెమ్యూ కొట్టిన దెబ్బకు డెట్రాయిట్ ఆటగాడు క్రిస్ డ్రేపర్ దవడ విరిగింది. ఆ రోజు డెట్రాయిట్ తరఫున డారెన్ మెకార్టీ బదులు తీర్చాడు, ఓవర్‌టైమ్‌లో గెలుపు గోలూ అతనిదే!

టొరంటో తాతయ్య: మొదటి రెండు పాదాలు బ్రహ్మాండం, ముఖ్యంగా గోలీలు పాట్రిక్ రోయ్ (కొలరాడో), మైక్ వెర్నన్ (డెట్రాయిట్) కుమ్ములాట. మూడో పాదంలో ఐదో గణం తప్పింది. 'కప్పు వచ్చెను తానె' అంటే సరిపోతుంది బాబూ.

నిర్వాహకుడు: ఛందస్సు సరే, సమస్య విడిపోలేదు. ఇందులో సఖుడెవరు? లెమ్యూని సఖుడంటే డెట్రాయిట్‌లో ఎవరూ ఊరుకోరు. ఆ పగ వల్లే జట్టు ఒక్కటై 1955 తర్వాత మళ్ళీ స్టాన్లీ కప్పు (లీగ్ టైటిల్) గెలిచిందని మూడో పాదం చెప్పి ఉంటే అర్థం కుదిరేది.

మంచుకోడి:

క్యుబెకు జట్టు తరలి కొలరాడు చేరగ
మాంట్రియాలు వీధి మౌనమాయె
తిట్ట నెవడు లేని తిరునాళ్ళు చప్పన
పగను బెంచువాడె పరమసఖుడు

బోస్టన్ బావ: మేముండగా మౌనమెందుకు? తిట్టుకోవడానికి మేం చాలమా?

మంచుకోడి: చాలరు బావగారూ! మీరు సరిహద్దు అవతలివాళ్ళు. క్యుబెక్ జట్టు నార్డీక్స్‌ది మాంట్రియాల్ ఉన్న రాష్ట్రమే, అదే ఫ్రెంచి. మాంట్రియాల్ వెనక మోల్సన్ బీరు కంపెనీ, నార్డీక్స్ వెనక ఓకీఫ్ బీరు కంపెనీ. 1984 గుడ్‌ఫ్రైడే నాటి ఈ రెండు జట్ల కొట్లాటకు ఇళ్ళల్లో అన్నదమ్ములే రెండు పక్షాలయ్యారు. 1995లో ఆ జట్టు డెన్వర్ వెళ్ళింది. అదే డిసెంబరులో తన గోలీ రోయ్‌ని మాంట్రియాల్ అక్కడికే పంపేసింది. నార్డీక్స్ క్యుబెక్‌లోనే ఉండి ఉంటే ఛస్తే ఇచ్చేవాళ్ళు కాదు! మొదటి సీజన్‌లోనే, 1996లో, కొలరాడో కప్పు గెలిచింది.

నిర్వాహకుడు: ఈ వారం ఉత్తమ పూరణ ఇదే. శత్రువు ఉన్నప్పటి కొట్లాట కన్నా పోయాక మిగిలిన వెలితి చూపించడం వల్ల సమస్య తేలిగ్గా విడిపోయింది. 'తిట్ట నెవడు లేని తిరునాళ్ళు' నాకు బాగా నచ్చింది. 'మౌనమాయె' మాత్రం అతిశయోక్తే, బావగారితో ఏకీభవిస్తున్నాను.

బోస్టన్ బావ: నా పూరణ రేపు పెడతాను. అందులో రిషార్ ఉండడు.