పెళ్లి ఫోటోగ్రఫీ: పరిచయం లేని కుటుంబాలు ఆన్‌లైన్‌లో చూసి పిలవాలంటే ముందుగా ఏం చేయాలి?

ప్రశ్న (గుంటూరు, బ్రాడీపేట నుంచి)

అందరికీ నమస్కారం. నేను గుంటూరులో పెళ్లిళ్లకు, ఓణీల వేడుకలకు, గృహప్రవేశాలకు ఫోటోలు, వీడియోలు తీస్తుంటాను. ఇప్పటివరకు వచ్చిన పని అంతా బంధువులు చెప్పడం వల్లనో, కల్యాణ మండపాల మేనేజర్లు పంపడం వల్లనో, ఒక పెళ్లిలో చూసినవారు మరో పెళ్లికి పిలవడం వల్లనో వచ్చినదే. దానికి లోటు లేదు గానీ, విజయవాడ, మంగళగిరి, తెనాలి వైపున నాకు ఏ పరిచయమూ లేని కుటుంబాలు కూడా పిలవాలని కోరిక. ఇన్‌స్టాగ్రామ్‌లో పేజీ ఉంది, రీల్స్ పెడుతున్నాను, చూసేవారూ ఉన్నారు. కాని లైకు కొట్టేవారిలో ఎక్కువమంది తోటి ఫోటోగ్రాఫర్లే తప్ప, ఫలానా తేదీకి ఖాళీగా ఉన్నారా అని అడిగేవారు అరుదు. ఆషాఢంలో ఎలాగూ ముహూర్తాలు ఉండవు కాబట్టి ఆ నెలను ఈ పనికి వాడుకుందామని అనుకుంటున్నాను. చేతిలో ఉన్న కొద్దిపాటి డబ్బును ముందుగా గూగుల్ మీద పెట్టాలా, ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనల మీద పెట్టాలా, సొంత వెబ్‌సైట్ మీద పెట్టాలా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

సమాధానం (విజయవాడ, పటమట నుంచి, పెళ్లి ఫోటోగ్రాఫర్)

నేనైతే గూగుల్‌తో మొదలుపెట్టమంటాను. ఇన్‌స్టాగ్రామ్‌లో మన వీడియో కంటపడినవారి ఇంట్లో పెళ్లి ఉండవచ్చు, ఉండకపోవచ్చు. ‘వెడ్డింగ్ ఫోటోగ్రాఫర్ ఇన్ గుంటూరు’ అని గూగుల్‌లో వెతికే కుటుంబంలో మాత్రం సంబంధం కుదిరి, ముహూర్తాల మాట నడుస్తూ ఉంటుంది. పైగా గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌కు (గూగుల్ సెర్చ్‌లో, మ్యాప్స్‌లో మన స్టూడియో వివరాలు, రివ్యూలు కనిపించే పేజీకి) రుసుమేమీ లేదు, కాబట్టి మీ డబ్బు అలాగే ఉంటుంది, సమయం మాత్రమే ఖర్చవుతుంది.

దగ్గరలోని వ్యాపారాలను చూపేటప్పుడు వెతికిన మాటతో సంబంధం, దూరం, ప్రాముఖ్యం అనే మూడింటిని లెక్కలోకి తీసుకుంటామని గూగుల్ స్వయంగా చెబుతుంది. మొదటిదాని కోసం ప్రధాన వర్గాన్ని ఉత్త ‘ఫోటోగ్రాఫర్’ అని కాకుండా ‘వెడ్డింగ్ ఫోటోగ్రాఫర్’ అని ఎంచుకోండి. స్టూడియో పేరు బోర్డు మీద ఎలా ఉంటే అలాగే రాయండి. పేరు పక్కన ‘బెస్ట్ క్యాండిడ్ గుంటూరు’ వంటి మాటలు తగిలించడం గూగుల్ నిబంధనలకు విరుద్ధం, దానివల్ల ప్రొఫైల్ నిలిచిపోయే ప్రమాదం ఉంది. ఇంటి నుంచే పనిచేస్తున్నట్లయితే చిరునామా కనిపించకుండా దాచి, మీరు వెళ్లి పనిచేసే ఊళ్లను 20 వరకు నమోదు చేయవచ్చు. అయితే ఊరి పేరు చేర్చినంత మాత్రాన విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర కూర్చుని వెతికేవారికి మీరు ముందు వరుసలో కనిపిస్తారని అనుకోవద్దు, ఎందుకంటే దూరం అనే లెక్క అక్కడ మీకు అడ్డు వస్తుంది. ఆ లోటును వెబ్‌సైట్ కొంతవరకు తీరుస్తుంది: విజయవాడలో మీరు తీసిన ఒక పెళ్లికి విడిగా ఒక పేజీ పెట్టి, మండపం ఏది, ముహూర్తం పగలా రాత్రా, వెలుతురు ఎలా ఉంది, ఏయే ఘట్టాలు తీశారు అన్నవి తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాయండి.

ప్రాముఖ్యం విషయంలో రివ్యూలకు చాలా బరువు ఉంటుంది. డిస్కౌంటు ఇస్తామని చెప్పి రివ్యూ రాయించుకోవడాన్ని గూగుల్ ఒప్పుకోదు. అది నిజాయతీకి కూడా తగదు. ఆల్బమ్ చేతికిచ్చిన రోజున, ఇంటిల్లిపాదీ చుట్టూ చేరి పేజీలు తిప్పుతున్నప్పుడు, ప్రొఫైల్‌లో దొరికే రివ్యూ లింకును వాట్సాప్‌లో పంపి, ఏ వేడుకకు ఎక్కడికి పిలిచారో వారి మాటల్లోనే రాయమని అడిగితే చాలు. వచ్చిన ప్రతి రివ్యూకూ జవాబు రాయండి. అసంతృప్తితో రాసినవారికైతే మరింత ఓపికగా రాయండి, ఎందుకంటే కొత్తవారు ఆ జవాబును బట్టే మన తీరును అంచనా వేస్తారు.

సమాధానం (స్వస్థలం విజయవాడ, ప్రస్తుతం డల్లాస్)

నేను ఫోటోగ్రాఫర్‌ను కాను, మా చెల్లెలి పెళ్లికి ఫోటోగ్రాఫర్‌ను వెతికిన అన్నను. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో చాలా ఇళ్లకు నా వంటి పిల్లలు విదేశాల్లో ఉన్నారు. చివరి మాట అమ్మానాన్నలదే అయినా, ఎవరెవరికి ఫోన్ చేయాలన్న జాబితా మాత్రం ఇక్కడే తయారవుతుంది. అందుకని మేము ఏం వెతుకుతామో చెబితే మీకు ఉపయోగపడవచ్చు.

నేను చూసిన పేజీలన్నింటిలోనూ కృష్ణ ఒడ్డున సూర్యాస్తమయంలో జంట నడిచే దృశ్యమో, పెళ్లికూతురు అద్దంలో చూసుకునే దృశ్యమో ఉంది. అవి అందంగానే ఉన్నాయి, కాని వాటిని బట్టి ఒక ఫోటోగ్రాఫర్‌కూ మరొకరికీ తేడా తెలుసుకోలేకపోయాను. మా చెల్లెలి ముహూర్తం అర్ధరాత్రి దాటాక. మండపంలో రంగురంగుల ఎల్‌ఈడీ లైట్ల కింద ముఖాల రంగు ఎలా వస్తుంది, జీలకర్ర బెల్లం పెట్టి తెర తీసే ఆ క్షణంలో చుట్టూ మూగిన బంధువుల మధ్య నుంచి వధూవరుల చూపు దొరుకుతుందా, ఆ రోజంతా కుర్చీలో కూర్చున్న మా అమ్మమ్మ ఒక్క మంచి ఫోటోలోనైనా ఉంటుందా అన్నవే నా సందేహాలు. వీటికి జవాబు ఏరి పెట్టిన పది ఫోటోల్లో దొరకదు. స్నాతకం నుంచి అప్పగింతల వరకు ఒకే పెళ్లిని మొత్తంగా చూపిన గ్యాలరీ ఒక్కటి దొరికితే, మిగిలిన పేజీలను పక్కన పెట్టి అక్కడే ఆగిపోతాను.

ధర విషయం కూడా చెప్పాలి. పూర్తి వివరాలు అక్కరలేదు, ‘ఇంత నుంచి మొదలు’ అని ఒక్క వాక్యం ఉన్నా చాలు. ఏమీ లేకపోతే ఫోన్ చేసి బేరమాడే ఓపిక లేక తరువాతి పేరుకు వెళ్లిపోతాము. పెళ్లికి మీరే స్వయంగా వస్తారా, వేరే వారిని పంపుతారా, ఆల్బమ్ ఎన్నాళ్లలో ఇస్తారు అన్నవి కూడా రాసి ఉంచండి. వీడియో కాల్‌కు సమయం ఇవ్వగలమని చెబితే మరీ మంచిది; వేసవిలో మాకు ఉదయం 10.30 అయితే మీకు రాత్రి 9 గంటలు, అది ఇద్దరికీ కుదిరే వేళే.

సమాధానం (తెనాలి నుంచి, ఫోటో, వీడియో స్టూడియో)

పటమట మిత్రుల మాటతో చాలావరకు ఏకీభవిస్తాను గానీ, ఇన్‌స్టాగ్రామ్‌ను అంతగా వెనక్కు నెట్టడం సరికాదనిపిస్తోంది. తోటి ఫోటోగ్రాఫర్లే చూస్తున్నారంటే మనం పెట్టేది వారికి నచ్చేదన్నమాట: లెన్సులు, డ్రోన్ షాట్లు, ఎడిటింగ్‌కు ముందూ తరువాతా. పెళ్లి చేసే తల్లిదండ్రులకు వాటితో పని లేదు. పోస్టు పెట్టేటప్పుడు పెళ్లికూతురికి, మేకప్ చేసినవారికి, డెకరేషన్ చేసినవారికి కొలాబ్ ఆహ్వానం పంపండి. వారు అంగీకరిస్తే అదే పోస్టు వారి పేజీలోనూ కనిపిస్తుంది కాబట్టి, పెళ్లికూతురి స్నేహితురాళ్లు, అంటే రాబోయే రెండు మూడేళ్లలో పెళ్లి కాబోయే అమ్మాయిలు, మీ పని చూస్తారు. డబ్బు పెట్టి కొన్న ఏ ప్రకటనా అంత సూటిగా అక్కడికి చేరదని నా గట్టి నమ్మకం. లొకేషన్ దగ్గర ఊరి పేరుకు బదులు కల్యాణ మండపం పేరు పెట్టండి, ఎందుకంటే హాలు చూసుకునేవారు ఆ పేరుతోనే వెతుకుతారు. ఒక్క జాగ్రత్త: బిజినెస్ ఖాతాలకు సినిమా పాటలు చాలావరకు అందుబాటులో ఉండవు, కాబట్టి రీల్‌ను పాట మీద ఆధారపడి కాకుండా సన్నాయి మేళం, మంత్రాలు, ఇంటివారి మాటలు వంటి అసలు శబ్దంతో కూర్చుకోండి.

ప్రకటనలకు డబ్బు పెట్టదలచుకుంటే పంచాంగం చూసి పెట్టండి. సంబంధం కుదిరాక ముందు ముహూర్తం, ఆ తరువాత హాలు, ఆ వెంటనే ఫోటోగ్రాఫర్ మాట వస్తుంది. శ్రావణం పెళ్లిళ్ల కోసం ఆషాఢంలో, మాఘ ఫాల్గుణాల కోసం సంక్రాంతికి ముందే ప్రకటన నడవాలి. మౌఢ్యం వచ్చిన ఏడు ఆ లెక్క మారుతుంది. పోస్టు కింద కనిపించే బూస్ట్ బటన్ నొక్కేయకుండా యాడ్స్ మేనేజర్‌లోకి (ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనలను వివరంగా అమర్చుకునే చోటుకు) వెళ్లి, మీకు కావలసిన ఊళ్ల చుట్టుపక్కలే చూపమని, నొక్కితే నేరుగా వాట్సాప్ తెరుచుకునేలా అమర్చుకోండి. ముహూర్తపు రోజుల్లో మనం ఫోన్ ఎత్తలేము కాబట్టి, వాట్సాప్ బిజినెస్‌లో తానుగా వెళ్లే సందేశం ఒకటి పెట్టి, తేదీ, ఊరు, వేడుక పేరు పంపమని అడగండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ఒకే పెళ్లిని మొత్తంగా చూపమన్న సలహా నాకు చాలా విలువైనదిగా తోచింది. అయితే అలా పెట్టడానికి పెళ్లివారి అనుమతి తప్పనిసరా? తీసినది నేనే కదా, ఫోటోల మీద హక్కు నాకు ఉండదా?

సమాధానం (విజయవాడ, గవర్నర్‌పేట నుంచి, న్యాయవాది)

ఉండదనే అనుకుని నడుచుకోండి. కాపీరైట్ చట్టం, 1957లోని 17వ సెక్షన్ ప్రకారం, ఒకరు డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోకు, వేరే ఒప్పందం లేనప్పుడు, తీయించుకున్నవారే మొదటి యజమాని. ఇది మీ వృత్తిలో చాలామందికి తెలియని సంగతి. తీసినవారిగా పేరు చెప్పుకునే హక్కు 57వ సెక్షన్ కింద మీకు మిగులుతుంది గానీ, ప్రకటనకు వాడుకునే హక్కు దానంతట అది రాదు. కాబట్టి అడ్వాన్స్ తీసుకునే రోజునే, ఏ ఫోటోలను, ఎక్కడ, ఎంతకాలం వాడుకుంటారో, వద్దని చెప్పిన వెంటనే తొలగిస్తారని రాసిన కాగితంపై ఇరుపక్షాల సంతకాలు తీసుకోండి. వెబ్‌సైట్‌కు, ఇన్‌స్టాగ్రామ్‌కు, డబ్బు పెట్టి నడిపే ప్రకటనలకు విడివిడిగా అవును, కాదు అని గడులు ఉంచండి; పెళ్లి గ్యాలరీకి సరేనన్న తండ్రి, కూతురి ముఖం ప్రకటనలో తిరగడానికి ఒప్పుకోకపోవచ్చు. ఓణీల వేడుకలు, అన్నప్రాశనల ఫోటోల విషయంలో తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి లేకుండా ఒక్కటి కూడా పెట్టవద్దు. అనుమతి ఉన్నా, ఎదిగే ఆడపిల్లల ఫోటోలను ప్రకటనలకు వాడకపోవడమే మంచిదని నా అభిప్రాయం; ఆ వేడుకలకు పూలజడ, అలంకరణ, చేతులు, పళ్లాల ఫోటోలు సరిపోతాయి.