అప్‌డేట్: వీలాన్ 10 గేట్‌వేకి పింగ్ వెళ్లకపోవడం పరిష్కారమైంది

జవాబులిచ్చిన అందరికీ థ్యాంక్స్. నేను అడిగింది ఇదీ: ల్యాబ్‌లో సిస్కో 2960 స్విచ్, ఒక రౌటర్, వీలాన్ 10, 20 (వీలాన్ అంటే ఒకే స్విచ్‌లో విడగొట్టిన వేరు నెట్‌వర్క్). మొదట వీలాన్ 10 బాగానే నడిచింది. 20 కలపగానే 20 పనిచేసింది, 10 నుంచి గేట్‌వేకి (బయటికి దారి ఇచ్చే రౌటర్ అడ్రస్) పింగ్ (అవతలి వైపు జవాబిస్తుందో చూసే పరీక్ష) ఆగిపోయింది.

తప్పు రౌటర్‌లో లేదు, స్విచ్ ట్రంక్ పోర్ట్‌లో (అన్ని వీలాన్‌ల ట్రాఫిక్‌నూ రౌటర్‌కి మోసే పోర్ట్) ఉంది. ముందు 'స్విచ్‌పోర్ట్ ట్రంక్ అలౌడ్ వీలాన్ 10' అని ఉంది. తర్వాత అదే కమాండ్ 20తో ఇచ్చాను. అది పాత జాబితాకు 20ని కలపదు, జాబితానే మార్చేస్తుంది. 'అలౌడ్ వీలాన్ యాడ్ 10' అని ఇవ్వగానే రెండూ వచ్చాయి. 'షో ఇంటర్‌ఫేసెస్ ట్రంక్' ముందే చూసి ఉంటే రెండు నిమిషాల పని. రన్నింగ్ కాన్ఫిగ్ (ఇప్పుడు నడుస్తున్న సెట్టింగ్‌లు) అంతా చదవడం దండగ.

రౌటర్ వైపు సబ్-ఇంటర్‌ఫేస్ 0/0.10లో (అసలు పోర్ట్ 0/0లో వీలాన్ 10 కోసం చేసిన భాగం) ముందు వీలాన్ నంబర్ చెప్పే 'ఎన్‌క్యాప్సులేషన్ డాట్1క్యూ 10', ఆ తర్వాతే గేట్‌వే ఐపీ 192.168.10.1, మాస్క్ 255.255.255.0. వరస తిరగేస్తే ఐపీని తీసుకోదు. 'నో షట్‌డౌన్' అసలు ఇంటర్‌ఫేస్ 0/0కి ఇవ్వాలి, అది డౌన్‌లో ఉంటే సబ్-ఇంటర్‌ఫేస్‌లూ లేవవు.

వీలాన్ 10 నుంచి 20కి మొదటి పింగ్ ఒకటి పోతే కంగారు పడొద్దు, ఏఆర్‌పీ (ఐపీకి సరిపోయే హార్డ్‌వేర్ అడ్రస్ అడిగే పద్ధతి) జవాబు వచ్చేలోపు అది టైమౌట్ అవుతుంది.

ల్యాబ్ మళ్లీ మొదటి నుంచి చేసేవాళ్లకు: స్విచ్‌లో స్టార్టప్ కాన్ఫిగ్ (ఆన్ చేసినప్పుడు చదివే సేవ్ చేసిన సెట్టింగ్‌లు) చెరిపినా పాత వీలాన్‌లు పోవు. అవి ఫ్లాష్ మెమరీలోని 'వీలాన్.డాట్' (vlan.dat) ఫైల్లో ఉంటాయి. దాన్నీ డిలీట్ చేసి, అప్పుడు రీలోడ్ ఇవ్వండి.