పెద్ద ఓటీటీ కంపెనీ లైవ్ టీమ్‌లో ఆఫర్ వచ్చింది, లోపల పని ఎలా ఉంటుంది?

మాదాపూర్_జావా:
అందరికీ నమస్కారం. ఏడేళ్లుగా హైదరాబాద్‌లో ఒక సర్వీసెస్ కంపెనీలో బ్యాంకు ప్రాజెక్టుల మీద పనిచేస్తున్నాను. ఇప్పుడు బెంగళూరులో ఒక పెద్ద ఓటీటీ కంపెనీ నుంచి ఆఫర్ వచ్చింది. లైవ్ టీమ్, అంటే క్రికెట్ మ్యాచ్‌లు చూపించే భాగం. జీతం దాదాపు రెట్టింపు. ఆన్‌కాల్ (పనివేళలు దాటినా పిలిస్తే పలకాల్సిన డ్యూటీ) గురించి అడిగితే "సీజన్‌లో కొంచెం ఉంటుంది" అన్నారు. ఆ కొంచెం అంటే ఎంతో చెప్పలేదు. మా ఆవిడ ఇక్కడే టీచర్, పాపకు మూడేళ్లు. చిన్నప్పటి నుంచి సినిమాలన్నా, క్రికెట్ అన్నా ప్రాణం, అందుకే అప్లై చేశాను. ఇలాంటి కంపెనీల్లో చేసినవాళ్లు ఉన్నది ఉన్నట్టు చెప్పండి. గ్రాఫిక్స్, గేమింగ్ వైపు వాళ్లు కూడా.

సెకండ్_ఇన్నింగ్స్:
తమ్ముడూ, నాలుగు సీజన్లు సరిగ్గా ఇదే పని చేశాను. కంపెనీ పేరు వద్దు, పని గురించి చెబుతాను.

నేను చేసినప్పుడు ఐపీఎల్ అంటే 74 మ్యాచ్‌లు, దాదాపు రెండు నెలలు. రాత్రి మ్యాచ్ 7:30కి మొదలవుతుంది, టాస్ 7 గంటలకు. మేం 5 గంటలకల్లా వార్‌రూమ్‌లో, అంటే టీమ్ అంతా కూర్చుని సర్వర్లను కాచుకునే గదిలో ఉండాలి. మామూలు సైట్లలో జనం పెరిగేకొద్దీ సర్వర్లు వాటంతట అవే పెరిగేలా పెట్టుకుంటాం కదా, క్రికెట్‌కు అది ఒక్కటే చాలదు. కొత్త సర్వర్ లేచి సిద్ధమయ్యేసరికి నిమిషాలు పడుతుంది, జనం మాత్రం క్షణాల్లో లక్షలకు లక్షలు వచ్చిపడతారు. అందుకని ఇంతమంది దాటితే ఇన్ని సర్వర్లు అని మెట్లు కట్టి ముందే పెంచుతాం. ధోనీ బ్యాటింగ్‌కు దిగితే గ్రాఫ్ గోడలా లేస్తుంది.

బయటివాళ్లు జనం రావడమే కష్టం అనుకుంటారు. నన్ను ఎక్కువ భయపెట్టింది జనం వెళ్లిపోవడం. 2019 వరల్డ్ కప్‌లో న్యూజిలాండ్‌తో సెమీఫైనల్ గుర్తుందా? హాట్‌స్టార్‌లో ఒకేసారి 2.53 కోట్ల మంది చూశారు. ధోనీ రనౌట్ అయ్యాడు, జనం ఒక్కసారిగా ఖాళీ అయ్యారు. వీడియో చూస్తున్నంతసేపు భారమంతా సీడీఎన్ మీద, అంటే వీడియోను చూసేవాళ్లకు దగ్గరలోంచి అందించే సర్వర్ల మీద ఉంటుంది. బ్యాక్ బటన్ నొక్కగానే ఆ మనిషి హోమ్ పేజీకి వస్తాడు. అక్కడ అతనికి ఏం చూపించాలి, ఇంతకుముందు ఎక్కడ ఆపాడు, సభ్యత్వం ఉందా లేదా అని పది సర్వీసులు ఒకేసారి కదలాలి. కోట్ల మంది ఒకే నిమిషంలో బ్యాక్ నొక్కితే ఏమవుతుందో ఊహించుకో. అప్పుడు సిఫార్సుల్లాంటి అవసరం లేనివన్నీ ఆపేసి, వీడియో, లాగిన్, పేమెంట్ మాత్రం కాపాడుకుంటాం. ఏది ముందు ఆపాలో సీజన్ మొదలుకాక ముందే రాసిపెట్టుకుంటాం. ఉత్తుత్తి ట్రాఫిక్ పంపించి రిహార్సల్స్ కూడా చేస్తాం.

2023 నవంబర్ 19న వరల్డ్ కప్ ఫైనల్‌కు ఒకేసారి 5.9 కోట్ల మంది చూశారు. అలాంటి రాత్రి స్క్రీన్ ముందు కూర్చున్నవాళ్లకు బౌండరీలు, వికెట్లు కనపడవు, గీతలే కనపడతాయి. మ్యాచ్ స్కోరు నాకు ఇంటికి వెళ్లాక తెలిసిన రోజులు చాలా ఉన్నాయి.

మా టీమ్ నుంచి ఒకసారి తప్పు జరిగింది. మ్యాచ్ మధ్యలో చేయకూడని కాన్ఫిగ్ (సిస్టమ్ సెట్టింగ్) మార్పు ఒకటి వెళ్లిపోయి, 11 నిమిషాల పాటు కొత్తవాళ్లకు లాగిన్ కాలేదు. మార్పు చేసింది నేనే. చేతులు వణికాయి. మర్నాడు రివ్యూలో ఎవరు చేశారని ఎవరూ అడగలేదు. మ్యాచ్ నడుస్తుండగా ఆ మార్పును సిస్టమ్ ఎలా వెళ్లనిచ్చింది అనే దాని మీదే రెండు గంటలు మాట్లాడుకున్నాం. ఆ రోజు నుంచి ఆ పని మీద నాకున్న గౌరవం పెరిగింది.

ఇంటి సంగతి. 2025లో ఉగాది మార్చి 30, ఐపీఎల్ మార్చి 22నే మొదలైంది. శ్రీరామనవమీ సీజన్‌లోనే. 2023 దీపావళి రోజున భారత్, నెదర్లాండ్స్ మ్యాచ్ పెట్టారు. మా బాబు కాకరపువ్వొత్తులు వెలిగిస్తుంటే వీడియో కాల్‌లో చూశాను. నాలుగేళ్లు అలా గడిచాక మానేశాను.

మాదాపూర్_జావా:
అన్నా, ఇంత వివరంగా చెప్పినందుకు చాలా థాంక్స్. మ్యాచ్‌లు లేని నెలల్లో ఎలా ఉంటుంది?

సెకండ్_ఇన్నింగ్స్:
బాగుంటుంది. సీజన్‌లో అతికించినవి అప్పుడు సరిగ్గా రాస్తాం. కాంప్ ఆఫ్‌లు, అంటే అదనంగా చేసిన పనికి బదులు ఇచ్చే సెలవులు, కాగితం మీద ఉంటాయి, కానీ తీసుకోనిస్తారా లేదా అనేది మీ మేనేజర్‌ను బట్టి. చేరేముందు అడగాల్సింది అదే: పోయిన సీజన్‌లో రొటేషన్‌లో (వంతులవారీ ఆన్‌కాల్‌లో) ఎంతమంది ఉన్నారు, ఒక్కొక్కరు ఎన్ని రాత్రులు చేశారు, ఎన్ని కాంప్ ఆఫ్‌లు నిజంగా వాడుకున్నారు. వీలైతే సీజన్ అయ్యాక జూన్‌లో చేరు. మధ్యలో చేరినవాళ్లకు నేర్పించే తీరిక ఎవరికీ ఉండదు.

వత్తులు_పొల్లులు:
నేను టెస్టింగ్. హైదరాబాద్‌లోనే, మరో స్ట్రీమింగ్ కంపెనీలో. మా ల్యాబ్‌లో గోడ నిండా టీవీలు, పక్కన రిమోట్ల బుట్ట. కొత్త ఫోన్‌లో యాప్ అందంగా నడుస్తుంది. ఆరేడేళ్ల కిందటి టీవీలో మెమరీ తక్కువ, మూడు గంటల సినిమా అయ్యేలోపు యాప్ పడిపోతుంది. మన ఇళ్లలో ఉండేవి ఆ టీవీలే.

నాకు బాగా గుర్తున్నది సబ్‌టైటిల్స్ బగ్. కొన్ని టీవీల్లో తెలుగు వత్తులు విడిపోయేవి. "లక్ష్మి" అని ఉండాల్సిన చోట పొల్లులు పెట్టి ముక్కలు ముక్కలుగా వచ్చేది. బగ్ రాస్తే "తక్కువ మందికే కదా" అని పక్కన పెట్టారు. నాకు చాలా బాధ వేసింది. మా అత్తయ్యకు చెవులు సరిగ్గా వినపడవు, ఆవిడ సబ్‌టైటిల్స్ చదువుతూనే సినిమా చూస్తారు. అలాంటివాళ్లకు అది చిన్న సంగతి కాదు. ఎన్ని మోడళ్లలో అలా వస్తుందో నేనే జాబితా తీసి, ఫోటోలతో ప్రతి మీటింగ్‌లో పెట్టాను. ఎనిమిది నెలలు పట్టింది. ఫాంట్ మార్చి సరిచేశారు. జీతం పెరిగినప్పటి కంటే ఆ రోజు ఎక్కువ సంతోషం వేసింది.

మరో మాట తమ్ముడూ. విడుదల కాని సినిమాలు మన చేతిలో ఉంటాయి. స్క్రీన్ మీద మన ఐడీతో వాటర్‌మార్క్, ఆ గదిలోకి ఫోన్ తీసుకెళ్లనివ్వరు. ఇంట్లో ఒక్క ముక్క చెప్పకూడదు. ఒకే సన్నివేశం నలభైసార్లు చూస్తాం, తర్వాత ఆ సినిమాను థియేటర్‌లో మామూలుగా చూడలేం. సినిమాలంటే ప్రాణం అన్నావు కాబట్టి చెబుతున్నాను.

ఫ్రేముకో_గీత:
నాది గ్రాఫిక్స్ వైపు, రోటో ఆర్టిస్ట్‌ను. అంటే షాట్‌లో మనుషుల చుట్టూ ఫ్రేము ఫ్రేముకూ గీత గీసి వెనక దృశ్యం నుంచి విడదీసే పని. ఇక్కడ సాఫ్ట్‌వేర్ జీతాలు ఉండవు అన్నా, ఆ లెక్క వేరు. సెకనుకు 24 ఫ్రేములు. అయిదు సెకన్ల షాట్‌లో హీరో జుట్టు చుట్టూ 120 ఫ్రేములు గీయాలి. డెలివరీ ముందు వారం ఇల్లు మరిచిపోవాల్సిందే. రిటేక్ వస్తే మళ్లీ మొదటి నుంచి.

పెద్ద పేరున్నంత మాత్రాన భద్రం అనుకోకండి. రిథమ్ అండ్ హ్యూస్ అనే అమెరికా గ్రాఫిక్స్ కంపెనీకి హైదరాబాద్‌లోనూ స్టూడియో ఉండేది. 2013 ఫిబ్రవరిలో అమెరికాలో దివాలాకు వెళ్లింది, అదే నెలలో 'లైఫ్ ఆఫ్ పై' గ్రాఫిక్స్‌కు ఆస్కార్ వచ్చింది. లోపల ఆస్కార్ వేడుక జరుగుతుంటే బయట ఆర్టిస్టులు నిరసన చేశారు. 2025 ఫిబ్రవరిలో టెక్నికలర్ అనే మరో పెద్ద గ్రాఫిక్స్ కంపెనీ కూలిపోతే బెంగళూరులో ఎంతోమంది రోడ్డున పడ్డారు. నేను ఇంతకుముందు పనిచేసిన చిన్న స్టూడియోలో రెండు నెలల జీతం ఇప్పటికీ రాలేదు. ఆ డబ్బుతో చెల్లి ఫీజు కట్టాలనుకున్నాను.

అయినా మానలేదు. ఫైట్ షాట్‌లో నటుడికి కట్టిన తాడును నేను తీసేస్తే అది తెర మీద ఎవరికీ కనపడదు. అలా కనపడకపోవడమే మా పని, అది నాకు ఇష్టం.

శాన్‌హోజే_నుంచి:
అమెరికాలో ఉన్నవాళ్ల మాట కూడా వినండి. నెట్‌ఫ్లిక్స్ తన పద్ధతులను దాచుకోలేదు, 2009లోనే బయటపెట్టింది. "ఈ ఉద్యోగి వెళ్లిపోతానంటే ఆపడానికి గట్టిగా ప్రయత్నిస్తానా?" అని మేనేజర్ తనను తాను ప్రశ్నించుకోవాలి. లేదు అనే జవాబు వస్తే మంచి మొత్తం చేతిలో పెట్టి పంపించేస్తారు. సొంత సర్వర్లను కావాలని పడగొట్టి, సిస్టమ్ తట్టుకుంటుందా అని పరీక్షించే కేయాస్ మంకీ అనే ప్రోగ్రామ్ కూడా వాళ్లదే. అప్పట్లో వాళ్లు పోస్టులో డీవీడీలు పంపేవాళ్లు. 2008లో డేటాబేస్ పాడై మూడు రోజులు డీవీడీలు పంపలేకపోయాకే క్లౌడ్ (అద్దె సర్వర్ల) వైపు కదిలారు. అంత అనుభవం ఉన్నా 2024 నవంబర్‌లో మైక్ టైసన్ బాక్సింగ్ పోటీకి ఒకేసారి 6.5 కోట్ల మంది వచ్చేసరికి చాలామందికి వీడియో ఆగి ఆగి వచ్చింది. లైవ్ అంత కష్టం.

నేను వేరే వినోద సంస్థలో చేశాను. విలీనం జరిగి మా టీమ్ మొత్తాన్ని తీసేశారు. హెచ్1బీ మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే 60 రోజులే. పిల్లల స్కూలు, కారు లోన్, అన్నీ ఆ 60 రోజుల్లోనే తేల్చుకోవాలి. యాభై రెండో రోజున ఆఫర్ వచ్చింది. ఈ రంగంలో విలీనాలు ఎక్కువ. హాట్‌స్టార్, జియో సినిమా కలిసి 2025 ఫిబ్రవరి 14న ఒకటే యాప్ అయ్యాయి కదా. రెండు యాప్‌లు ఒకటైతే ఒకే పని చేసే టీమ్‌లు రెండు ఉంటాయి. అందుకే ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టుకో.

మాదాపూర్_జావా:
నాలుగు రోజుల తర్వాత రాస్తున్నాను. సెకండ్_ఇన్నింగ్స్ అన్న చెప్పిన మూడు ప్రశ్నలూ మేనేజర్‌నే అడిగాను. దాచకుండా చెప్పారు: రొటేషన్‌లో ఆరుగురు, పోయిన సీజన్‌లో ఒక్కొక్కరికి పాతిక రాత్రుల దాకా, వాడుకున్న కాంప్ ఆఫ్‌లు సగమే. మా ఆవిడ ఈ చర్చ అంతా చదివింది. "పాతిక రాత్రులు నేను చూసుకుంటా, మిగతా పది నెలలు పాపను స్కూలు నుంచి నువ్వే తీసుకురావాలి" అంది. జూన్‌లో చేరతానంటే వాళ్లూ సరే అన్నారు. అందరికీ మనస్ఫూర్తిగా ధన్యవాదాలు.

సెకండ్_ఇన్నింగ్స్:
చాలా సంతోషం తమ్ముడూ. వార్‌రూమ్‌లో ఏసీ బాగా చలిగా ఉంటుంది, వేసవే కదా అని స్వెటర్ మరిచిపోకు. హోమ్ పేజీ లోడ్ లెక్కల గురించి ఏ డౌట్ ఉన్నా మెసేజ్ పెట్టు, అర్ధరాత్రి అయినా చూస్తాను.