సమస్యాపూరణం: “కొడుకు పుట్టె ననుచుఁ గూఁతుఁ బిలిచె”

కవిమిత్రులారా, ఇది ఆటవెలది నాలుగవ పాదము; పొసగనట్లు కనిపించే ఈ పాదానికి అర్థం కుదిరేలా మిగిలిన మూడు పాదాలు రాయాలి. వరుసగా ఆడపిల్లలే కలిగిన మధ్య ఆసియాలోని కజక్ కుటుంబాలలో, తరువాతి కాన్పులోనైనా మగబిడ్డ పుట్టాలన్న కోరికతో కూతురికి ‘ఉల్‌తుగన్’ అని పేరు పెట్టే ఆచారం ఉంది. ‘ఉల్’ అంటే కొడుకు, ‘తుగన్’ అంటే పుట్టిన. ఆ పేరు ఆధారంగా పూరించ మనవి.

మొదటి పూరణ:

కజకు తండ్రి యొకఁడు గన్నబిడ్డకుఁ బేరు
ఉల్తుగనని పెట్టె నుత్సవమున
నాఁటి నుండి యూర నలుగురు వినునట్లు
కొడుకు పుట్టె ననుచుఁ గూఁతుఁ బిలిచె.

వ్యాఖ్య: ‘పేరు’ తరువాత అచ్చు రావడం వల్ల విసంధి (సంధి చేయవలసిన చోట చేయకపోవడం అనే దోషం) ఏర్పడింది. “గన్నబిడ్డకు వేడ్క / నుల్తుగనను పేరు నునిచె నపుడు” అంటే దోషం తీరుతుంది. అయినా పేరుకు అర్థం పద్యంలో లేదు కనుక, ఆ భాష తెలియని పాఠకునికి సమస్య విడిపోదు.

రెండవ పూరణ:

సుతుఁడె యుల్లు, తుగనుఁ జూడఁగ జన్మమౌ
ననుచుఁ దెలియు పేర నాశ నింపి
వచ్చు కాన్పు లోన వంశోద్ధరునిఁ గోరి
కొడుకు పుట్టె ననుచుఁ గూఁతుఁ బిలిచె.

వ్యాఖ్య: చక్కని పూరణ. అయితే ‘తుగన్’ నామవాచకం కాదు. పుట్టుట అనే అర్థమున్న ‘తు’ ధాతువుపై ‘గన్’ చేరగా ఏర్పడిన ఈ రూపం ‘పుట్టిన’ అనీ, వాక్యం చివర ‘పుట్టెను’ అనీ రెండు విధాల పనిచేస్తుంది. అందుచేత “జూడఁ బుట్టెను గదా / యనుచు” అంటే అర్థానికి మరింత దగ్గరవుతుంది. కజక్ భాషలో వ్యాకరణలింగం లేదు. మన ‘పుట్టె’ కూడా కొడుక్కీ కూతురికీ ఒక్కటే. విరోధమంతా ‘కొడుకు’ అన్న ఒక్క మాటలోనే ఉన్నది!

ఒక సభ్యురాలి చేర్పు: టర్కీ భాషలోని ‘ఓగుల్’ ఈ ‘ఉల్’కు తోబుట్టువే. కజక్‌లో ‘కొడుకు కలగనీ’ అనే అర్థంలో ఉల్‌బొల్సిన్, తుర్క్‌మెన్‌లో ‘కొడుకు కావాలి’ అనే అర్థంలో ఓగుల్‌గెరెక్ కూడా ఆడపిల్లల పేర్లే. జీవితమంతా మరొకరి రాకను కోరే మాటతో పిలిపించుకోవడం ఆ పిల్లకు ఎలా ఉంటుందో కూడా ఎవరైనా పద్యంలో చెప్పాలని నా కోరిక.

మూడవ పూరణ:

తమ్ముఁ డింటఁ గలుగఁ దండ్రి సంతసమునఁ
బరుగుఁ బెట్టి, పేరు ఫలిత మొందె
ననుచు నాడుచున్న యక్కనుఁ గనుగొని
కొడుకు పుట్టె ననుచుఁ గూఁతుఁ బిలిచె.

వ్యాఖ్య: ‘అనుచు’ రెండుసార్లు వచ్చింది, మూడవ పాదాన్ని “నంచు నాడుచున్న” అని మొదలుపెట్టండి, గణమూ యతీ చెడవు. నాకు ఈ పూరణే ఎక్కువగా నచ్చింది. తండ్రి చెప్పే వార్త కజక్‌లో దాదాపు ఆమె పేరే కనుక, ఆ పిల్ల తననే పిలిచాడనుకొని ఆట మాని పరుగెత్తి వస్తుంది.