ఘాట్‌లో లోడు బండికి దమ్ము పోతోంది: పంపు మార్చాలా, ట్యాంకు విప్పాలా?

దోర్నాల లోడు:
మాది పాత డీజిల్ పికప్. కామన్ రైల్ ఇంజిన్, టర్బో ఉంది. దోర్నాల నుంచి శ్రీశైలానికి కూరగాయలు వేసుకుని వెళ్తుంటే ఘాట్ మధ్యలో బండి లాగడం మానేస్తుంది. ఎంత తొక్కినా వేగం అందుకోదు, చెక్ లైటు వెలుగుతుంది. పక్కన ఆపి కాసేపు ఆగితే ఏమీ జరగనట్టు ఎక్కేస్తుంది. ఖాళీ బండికి ఏ బాధా లేదు. నల్లపొగ లేదు. డీజిల్ ఫిల్టర్ కొత్తదే. షెడ్డులో హైప్రెషర్ పంపు, ఇంజెక్టర్లు అన్నీ మార్చాలంటున్నారు. ఆ డబ్బుకు ఇంకో పాత బండి వస్తుంది. ఏమంటారు?

నాజిల్ షెడ్డు:
వాళ్లు చెప్పింది కొట్టిపారేయకండి. పంపు లోపల అరిగితే, డీజిల్ వేడెక్కి పలచబడగానే ఆ సందుల్లోంచి జారిపోతుంది. రైలులో, అంటే ఇంజెక్టర్లన్నిటికీ డీజిల్ అందించే ఉమ్మడి గొట్టంలో, ఒత్తిడి నిలవదు. అది గమనించి కంప్యూటర్ ఇంజిన్ బలాన్ని తగ్గిస్తుంది. చల్లారితే మళ్లీ మామూలే. మీరు రాసింది అచ్చం ఇదే.

పాతకాపు:
అచ్చం ఇదే అనడానికి ఒక లక్షణం తక్కువైంది. పంపు అరిగిన బండిని వేడి మీద ఆపితే సెల్ఫ్ కొట్టగానే లేవదు. స్టార్ట్ కావడానికే రైలులో వందల బార్ల ఒత్తిడి కావాలి, అరిగిన పంపుకు ఆ నెమ్మది తిప్పుడులో అది పుట్టించడమే కష్టం. ఆ కష్టం ఉందని ఆయన ఎక్కడా రాయలేదు.

నా అనుమానం ట్యాంకు మీద. లోపల ప్లాస్టిక్ ముక్కో, ఎండుటాకో ఉంటే ధార పెరిగినప్పుడు పీల్చే గొట్టం మూతికి అతుక్కుంటుంది. ఇంజిన్ ఆపితే పీల్పు ఆగి విడిపోతుంది. ఖాళీ బండికి సన్నధార చాలు కాబట్టి తేడా తెలియదు. మూతలోని గాలి రంధ్రం పూడినా ఇంతే. మళ్లీ బలం తగ్గినప్పుడు ముందుగా ట్యాంకు మూత వదులు చేయండి. బుస్సుమని గాలి పీల్చుకుని బండి వెంటనే అందుకుంటే ఖర్చు మూతతోనే సరి. టర్బో పైపు చిరిగినా, ఈజీఆర్ (పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపే వాల్వు) తెరుచుకుని ఉండిపోయినా సాధారణంగా నల్లపొగ వస్తుంది. మీకు అది లేదు.

స్కానర్ పక్షం:
ఇద్దరూ జాతకం చెబుతున్నారు. చెక్ లైటు వెలిగిందంటే బండి కంప్యూటర్‌లో తప్పు కోడ్ ఉంటుంది, స్కానర్ దాన్ని చదువుతుంది. పీ0087 అయితే రైలు ఒత్తిడి తక్కువ, పీ0299 అయితే టర్బో ఇంజిన్‌లోకి నెట్టే గాలి తక్కువ. చవకైన స్కానర్ పెట్టుకుని ఘాట్ ఎక్కండి, అంకెలు పక్కనున్నవారు చూడాలి. కంప్యూటర్ అడిగిన ఒత్తిడి ఎంత, వచ్చింది ఎంత అన్నది తెలిస్తే ఈ వాదనే ఉండదు.

పాతకాపు:
ఉంటుంది. పంపు అరిగినా పీ0087, ట్యాంకు మూసుకున్నా పీ0087. ఒత్తిడి లేదని కోడ్ చెబుతుంది, ఎందుకు లేదో చెప్పదు. ఆ కోడ్ చూపించే కదా పంపులు అమ్ముతున్నారు! ఫిల్టర్‌కు ముందు పారదర్శక పైపు ముక్క వేస్తే గాలి బుడగలు కనిపిస్తాయి. బుడగలుంటే పగిలిన రబ్బరు పైపులు, వదులైన క్లిప్పులు చూడాలి. అదీ కాకపోతే లోడు తొట్టిలో డీజిల్ క్యాను గట్టిగా బిగించి, ట్యాంకును పక్కనపెట్టి అందులోంచి నడపండి. మిగిలిన డీజిల్‌ను వెనక్కి తెచ్చే రిటర్న్ పైపు కూడా క్యానులోకే పెట్టాలి, లేకపోతే తొందరగా ఖాళీ అవుతుంది. అదే లోడుతో అదే ఘాట్ ఎక్కితే తప్పు ట్యాంకుది, దాని పైపులది.

నాజిల్ షెడ్డు:
క్యాను పరీక్షకు నేనూ ఒప్పుకుంటాను. దానితో పాటు ఇంజెక్టర్ల రిటర్న్‌కు సీసాలు కట్టి కొలవండి. ఒకటి మిగతావాటికంటే బాగా ఎక్కువ నింపితే అది ఒక్కటే మార్చాలి, మొత్తం సెట్టు అక్కర్లేదు. ఒక హెచ్చరిక: పాత మెకానికల్ పంపు రోజుల అలవాటుతో, ఇంజిన్ నడుస్తుండగా ఇంజెక్టర్ పైపు నట్టు వదులు చేయకండి. కామన్ రైల్‌లో ఒత్తిడి వెయ్యి బార్లు దాటుతుంది, ఆ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది.

దోర్నాల లోడు:
వేడి మీద కూడా సెల్ఫ్ కొట్టగానే లేస్తుంది. మూత వదులు చేసినా తేడా లేదు. ట్యాంకు పావు వంతుకు దిగినప్పుడే ఎక్కువగా ఇబ్బంది పెడుతోంది.

పాతకాపు:
అయితే ముందు ట్యాంకు దించి కడగండి.

నాజిల్ షెడ్డు:
కడగండి. కానీ నిండు ట్యాంకుతోనూ వస్తోందా లేదా అన్నది ఇంకా చెప్పలేదు. వస్తే ఆ రైలు అంకెలు ఇక్కడ పెట్టండి, పంపును నేనింకా వదిలిపెట్టలేదు.