తిన్నగా ఉన్న చెక్క కంచెకు వంపు కోయడం ఎలా?

ప్రశ్న:

పెద్దలందరికీ నమస్కారం. మేము గుంటూరు నుంచి వచ్చి, ఈ మధ్యనే నార్త్ కరొలైనాలో షార్లట్ దగ్గర ఒక పాత ఇల్లు కొనుక్కున్నాము. ఇంటి ముందు తెల్ల రంగు వేసిన చెక్క పికెట్ కంచె (నిలువు చెక్కలను వరుసగా అడ్డపట్టెలకు బిగించినది) ఉంది. దాని పైఅంచు ఒకే ఎత్తులో తిన్నగా సాగిపోవడం వల్ల బోసిగా కనిపిస్తోందనీ, గుంజకూ గుంజకూ మధ్య కిందికి దిగే వంపు ఉంటే బాగుంటుందనీ మా ఆవిడ అంటోంది. మన వైపు ప్రహరీ గోడలే తప్ప ఇటువంటి కంచెలు మాకు అలవాటు లేవు. ఎన్నడూ రంపం పట్టనివాడు ఈ పని సొంతంగా చేసుకోగలడా, చేసుకోగలిగితే ఎక్కడ మొదలుపెట్టాలి అన్నది దయచేసి తెలియజేయగలరు.

జవాబు:

తమ్ముడూ, నిస్సంకోచంగా చేసుకోవచ్చు. రంపం పట్టడం ఒక పూటలో అలవడుతుంది. శ్రద్ధ పెట్టవలసింది గీత దగ్గర. అంతకన్నా ముందు రెండు కాగితాలు చూసుకోండి. ఇల్లు కొన్నప్పుడు సర్వే పటం ఇచ్చి ఉంటే, ఆ కంచె మీ హద్దులో ఉందా, పక్కవారిదా అన్నది అందులో తెలుస్తుంది. మీ కాలనీకి హోమ్ ఓనర్స్ అసోసియేషన్ ఉంటే, ఉన్న కంచె ఆకారం మార్చడానికి కూడా చాలాచోట్ల వారి రాతపూర్వకమైన అనుమతి కావాలి. కోసిన చెక్కను మళ్లీ అతికించలేము కనుక, కొలతలతో ఒక చిన్న బొమ్మ గీసి పంపించి, జవాబు చేతికి వచ్చేవరకు ఆగండి. గుంజలు మార్చి గోతులు తవ్వే పని పడితే మాత్రం ముందుగా 811కి ఫోన్ చేయాలి. భూమిలోని గ్యాసు గొట్టాలూ కరెంటు తీగలూ ఎక్కడున్నాయో ఉచితంగా గుర్తులు పెట్టిస్తారు.

తర్వాత కంచె వెనుకకు వెళ్లి, పై అడ్డపట్టె ఎంత కిందుగా ఉందో కొలవండి. వంపులో అన్నిటికన్నా దిగువన ఉండే చోటు, ఆ అడ్డపట్టె పైఅంచుకు కనీసం 3 అంగుళాలు ఎగువన ఉండాలన్నది నేను పాటించే లెక్క, ఎందుకంటే స్క్రూకు మరీ దగ్గరగా కోస్తే చెక్క చీలుతుంది, పైగా వీధిలోంచి చూస్తే అడ్డపట్టె పళ్లెక్కువైన నోరులా బయటపడుతుంది. చోటు చాలకపోతే అడ్డపట్టెను విప్పి కిందికి దించి బిగించుకోవాలి.

ఇక గీత సంగతి. ఇక్కడ గుంజల మధ్య ఎడం సాధారణంగా 8 అడుగులు ఉంటుంది. ఆ ఎడానికి నడుమ 6 అంగుళాల దిగుడు నా కంటికి నిండుగా ఉంటుంది; 2 అంగుళాలే దించితే కంచె కుంగిపోయిందేమోనని చూసేవారు అనుకుంటారు. నేల చదునుగా ఉంటే, రెండు చివరి చెక్కల పైభాగాన మేకులు కొట్టి సన్నని గొలుసును వేలాడదీసినా మంచి వంపే వస్తుంది. నేల వాలుగా ఉంటే మాత్రం ఒక మేకు రెండోదానికన్నా ఎత్తున పడుతుంది కనుక, గొలుసు దిగుడు నడుమ కాక పల్లం వైపుకు జరుగుతుంది. అటువంటి చోట రెండు కొసల మధ్య బిగుతుగా ఒక దారం కట్టి, ఆ దారం నుంచి కిందికి కొలుచుకోవడమే నమ్మకమైన పద్ధతి: సరిగ్గా నడుమ 6 అంగుళాలు, నడిమికీ కొసకూ మధ్య సగం దూరంలో నాలుగున్నర అంగుళాలు, కొసల దగ్గర సున్న. ఎంత దిగుడు పెట్టుకున్నా ఆ సగం దూరపు గుర్తు మొత్తం దిగుడులో ముప్పాతిక వంతు ఉంటే చాలు. ఈ అయిదు గుర్తుల దగ్గరా చిన్న మేకులు కొట్టి, అర అంగుళం పీవీసీ గొట్టాన్ని వాటికి ఆనించి వంచి, దాని అంచు వెంట ప్రతి చెక్క మీదా పెన్సిల్‌తో గీయండి. గీసిన తర్వాత రోడ్డు అవతలికి వెళ్లి చూడండి. దగ్గర నుంచి కనిపించని వంకర అక్కడి నుంచి ఇట్టే తెలుస్తుంది.

కొత్తవారు సాధారణంగా గమనించని విషయం ఒకటి చెబుతాను. 8 అడుగుల ఎడానికి 6 అంగుళాల దిగుడు అంటే, అది 195 అంగుళాల, అంటే 16 అడుగుల 3 అంగుళాల వ్యాసార్ధం గల పెద్ద వృత్తంలో చిన్న ముక్క. పికెట్ వెడల్పు మూడున్నర అంగుళాలే కనుక, ఒక్కొక్క చెక్క మీద ఆ వంపు తిన్నని గీత నుంచి అంగుళంలో నూరో వంతు కూడా తొలగదు. కాబట్టి వంకరగా కోయాలని హైరానా పడనక్కరలేదు. ప్రతి చెక్కనూ గీత వెంట ఏటవాలుగా, తిన్నగా కోసుకుంటూ పోతే కంచె మొత్తానికి వంపు దానంతటదే కనిపిస్తుంది. ఓపిక ఉంటే చేతి రంపం చాలు. ఒక్కొక్క చెక్క తలనూ విడిగా పువ్వు రేకులా మలచాలనుకుంటేనే జిగ్‌సా (సన్నని బ్లేడు పైకీ కిందికీ ఆడే కరెంటు రంపం) కావాలి.

జిగ్‌సా వాడేటట్లయితే, చెక్కల పైకొసలు అదరకుండా గీతకు కాస్త దిగువన వెనుకవైపు ఒక పొడవైన పట్టెను అడ్డంగా క్లాంపులతో బిగించండి. మామూలు జిగ్‌సా బ్లేడు పైకి లేచేటప్పుడు కోస్తుంది కనుక, యంత్రం ఆనిన ముఖం మీదనే పేళ్లు లేస్తాయి. అందువల్ల వీలైతే ఇంటి వైపు నుంచి కోయాలి. అడ్డపట్టె అడ్డం వచ్చి వీధి వైపు నుంచే కోయవలసి వస్తే, గీత మీద మాస్కింగ్ టేపు అంటించి కోయండి. కళ్లకు రక్షణ అద్దాలు పెట్టుకోవడం మరవకండి. ఇండియా నుంచి తెచ్చుకున్న యంత్రానికి ప్లగ్గు మార్చి ఇక్కడ నడిపిద్దామని చూడకండి. అది 230 వోల్టులది, ఇక్కడ గోడలో వచ్చేది 120.

మరొక జవాబు:

అన్నయ్య గారు చెప్పిన పద్ధతి బాగుంది. అయితే ఇల్లు పాతదన్నారు కనుక, రంపం పెట్టకముందే రంగు సంగతి చూసుకోవాలి. ఈ దేశంలో ఇళ్లకు వేసే సీసపు రంగులను 1978లో నిషేధించారు. కంచె అంతకు ముందుదైతే, లేదా ఎప్పటిదో తెలియకపోతే, ముందు రంగును పరీక్ష చేయించండి. సీసం ఉందని తేలితే కోయడం, గరుకు కాగితంతో రుద్దడం రెండూ మానుకుని, అందుకు ధ్రువీకరణ ఉన్నవారికి అప్పగించడం మేలు. ఆ దుమ్ము చిన్నపిల్లలకు చాలా హాని చేస్తుంది. 2004కు ముందు వేసిన, పుచ్చకుండా మందు పట్టించిన చెక్కలో ఆర్సెనిక్ అనే విషం కూడా ఉండవచ్చు. ఇళ్ల వాడకానికి ఆ రకాన్ని 2003 చివరితో ఆపేశారు. మాస్కు వేసుకుని, కింద టార్పాలిన్ పరచి, పొట్టునంతా ఎత్తి చెత్తలో పడేయండి. ఆ ముక్కలను పొయ్యిలోనూ చలిమంటలోనూ వేయకూడదు, పొట్టును కూరగాయల పాదుల్లో చల్లకూడదు.

ఈత కొలను చుట్టూ ఉన్న కంచెకు ఈ వంపు ఆలోచన చేసేవారికి కూడా ఒక మాట. అక్కడ కంచె ఎత్తు సాధారణంగా 48 అంగుళాలకు తగ్గకూడదు, ఆ కొలత వంపులో అట్టడుగు చోటికి కూడా వర్తిస్తుంది.

ప్రశ్న వేసినవారు:

అన్నయ్య గారికీ అక్కయ్య గారికీ కృతజ్ఞతలు. మా కంచె 2012లో వేసినదని పాత యజమాని కాగితాల్లో ఉంది. ఇందాకే కొలిచి చూశాను. అడ్డపట్టె చెక్కల పైకొసలకు 10 అంగుళాల దిగువన ఉంది. అయితే చెక్కల తలలు బల్లెం మొనలా చెక్కి ఉన్నాయి. పైన కోస్తే ఆ మొనలు పోతాయి కదా?

జవాబు:

అవును, అటువంటి కంచెను పైన ముట్టుకోకూడదు, కింద కోయాలి. గుంజలను ఆనుకుని ఉన్న చెక్కలను కదపకండి. కొలతకు అవే ఆధారం. మిగిలినవాటి వెనుక వరుసగా అంకెలు వేసి, ఒక్కొక్క చెక్క నడిమి గీత దగ్గర దారం నుంచి ఎంత దిగాలో ఆ కొలతను కూడా దాని మీదనే రాసుకోండి. తర్వాత విప్పి, అంత పొడవును అడుగు నుంచి తిన్నగా కోసి, మొన దారం నుంచి రాసుకున్న కొలతకు వచ్చేలా దించి బిగించండి. నడిమి చెక్క 6 అంగుళాలు దిగినా మొన అడ్డపట్టెకు 4 అంగుళాల పైనే ఉంటుంది, నేలకూ చెక్కకూ మధ్య ఖాళీ కూడా మారదు. చెక్కలు మేకులతో కొట్టి ఉంటే ఊడదీసేటప్పుడు ఒకటి రెండు చీలడం మామూలే, నాలుగు అదనంగా కొనిపెట్టుకోండి. చెక్కకు పట్టించిన మందులోని రాగి మామూలు ఇనుమును తినేస్తుంది కనుక, తిరిగి బిగించడానికి హాట్ డిప్ గాల్వనైజ్డ్ (కరిగిన జింకులో ముంచి పూత వేసిన) లేదా స్టెయిన్‌లెస్ స్టీల్ స్క్రూలే వాడండి. పాత రంధ్రాలను బయటి వాడకానికి పనికివచ్చే ఫిల్లర్‌తో పూడ్చాలి.

కోసిన అడుగు కొసలకు, చెక్క పుచ్చకుండా కాపాడే కాపర్ నాఫ్తనేట్ ద్రావణాన్ని బ్రష్‌తో బాగా తాగించండి. మందు చెక్క నడిమిదాకా చేరి ఉండదు, తడి ముందుగా పట్టేది నేలకు దగ్గరగా ఉన్న ఆ కొసలనే. అది ఆరిన తర్వాత ప్రైమరు, దాని మీద రంగు. కొత్త చెక్క ఏదైనా వాడితే, నాలుగు నీటి చుక్కలు చల్లి చూడండి. చుక్కలు చెక్కలోకి ఇంకితేనే రంగుకు సిద్ధమైనట్టు, పైనే నిలిచి ఉంటే ఇంకా ఆరనివ్వాలి. ముందుగా రెండు గుంజల మధ్య ఉన్న ఒక్క భాగాన్ని మాత్రం పూర్తిచేసి, మీ ఆవిడకు రోడ్డు అవతలి నుంచి చూపించి, ఆమె సరేనంటేనే రెండోదాన్ని విప్పండి.